65 ఆంప్స్ ఆల్టర్నేటర్ వేయించినా కారు లైట్లు ఎందుకు మసకబారాయి?

పోయిన నవంబరులో ఒక రాత్రి ఒంగోలు నుంచి నెల్లూరు తిరిగొస్తున్నాం. ఊరు దాటామో లేదో వాన అందుకుంది. హెడ్‌లైట్లు వేశాను, వైపర్లు వేశాను, అద్దానికి పట్టిన ఆవిరి పోవాలని ఏసీ కూడా వేశాను. వెనక సీట్లో పిల్లలు చార్జింగ్‌కి పెట్టిన ఫోన్లు రెండు. టంగుటూరు టోల్‌గేటు దగ్గర లారీల వెనక ఆగాం. ఇంజిన్ ఐడ్లింగ్‌లోకి దిగగానే ముందున్న లారీ వెనక తలుపు మీద పడుతున్న వెలుగు పసుపుపచ్చగా మారింది. వైపరు అద్దం మధ్యలోకి వచ్చి, పోదామా వద్దా అన్నట్టు ఆగి, మళ్లీ కదిలింది. "ఏంది, బండి నిద్రపోతోందా?" అంది మా ఆవిడ. ఏసీ ఆపాను. లైట్లు కాస్త తేరుకున్నాయి.

అంతకు మూడు నెలల ముందే ఆ బండికి 65 ఆంప్స్ కొత్త ఆల్టర్నేటర్ వేయించాను. ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్ తిప్పుతుంటే బండికి కరెంటు పుట్టించే యంత్రం, ఆంప్స్ అంటే ఎంత కరెంటు పారుతోందో చెప్పే కొలత. బిగించిన షాపాయన "ఇంక మీరు పెళ్లి పందిరికి సీరియల్ లైట్లు కూడా ఇచ్చుకోవచ్చు సార్" అన్నాడు. మరి ఆ 65 ఎటు పోయినట్టు? అది తేల్చుకోవడానికి రెండు నెలల ఆదివారాలు, ఒక మల్టీమీటరు, ఓపికున్న ఇంకో మెకానిక్ కావలసి వచ్చాయి.

బండి మా నాన్నది. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ అంబాసిడర్. కొన్నప్పుడు దానికి ఉన్నది డైనమో. తొంభైల్లో నాన్న దాన్ని తీయించి 35 ఆంప్స్ ఆల్టర్నేటర్ పెట్టించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లకు నేను ఏసీ బిగించాను. ఇప్పుడు ఇది మూడోది. మా వైపు మెకానిక్కులు ఈ మూడింటినీ డైనమో అనే పిలుస్తారు. షాపుల బోర్డుల మీద కూడా "సెల్ఫ్, డైనమో రిపేర్లు చేయబడును" అనే ఉంటుంది. పేరు ఒకటే గానీ వస్తువులు వేరు. ఆ తేడా తెలిస్తే మిగతా చిక్కులు సగం విడిపోతాయి.

డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే భాగంలో, అంటే ఆర్మేచర్‌లో. పుట్టిన కరెంటంతా కార్బన్ల (తిరిగే భాగానికి రాసుకుంటూ ఉండే బొగ్గు ముక్కల) గుండానే బయటికి రావాలి. 20 ఆంప్స్ దాటితే కార్బన్ల దగ్గర నిప్పురవ్వలు, వేడి, అరుగుదల. అంబాసిడర్ కాలపు లూకాస్ డైనమోలు 22, 25 ఆంప్స్ దగ్గర ఆగిపోయింది అందుకే. పైగా ఆర్మేచర్ బరువైనది, మరీ వేగంగా తిప్పితే చుట్టలు లేచిపోతాయి. కాబట్టి పుల్లీ పెద్దది పెట్టి నెమ్మదిగా తిప్పాలి. నెమ్మదిగా తిప్పితే ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ రాదు. పాత అంబాసిడర్ నడిపిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బజార్లో ఆగినప్పుడల్లా చార్జింగ్ ఎర్రలైటు మినుకుమినుకుమనేది.

ఆల్టర్నేటర్‌లో ఈ అమరిక తిరగబడింది. తిరిగేది అయస్కాంతం, కరెంటు పుట్టేది చుట్టూ కదలకుండా ఉన్న రాగి చుట్టల్లో. కార్బన్ల గుండా పోయేది ఆ అయస్కాంతానికి బలం ఇచ్చే మూడు నాలుగు ఆంప్స్ మాత్రమే. అసలు కరెంటు కదలని చుట్టల నుంచి నేరుగా వైరులోకి వస్తుంది. పుట్టేది ఏసీ కరెంటు (చల్లదనం ఏసీ కాదు, అటూ ఇటూ దిశ మారే కరెంటు) కాబట్టి దాన్ని ఒకే దిశలో పారే డీసీ చేయడానికి డయోడ్లు, అంటే కరెంటును ఒక్క వైపే పోనిచ్చే ముక్కలు, కావాలి. ఈ పనికి సరిపడే సిలికాన్ డయోడ్లు అందుబాటు ధరకు వచ్చాకే ఆల్టర్నేటర్ మామూలు కార్లలోకి దిగింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లో వాలియంట్ కారుకు పెట్టింది. మన రోడ్ల మీద డైనమోలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తిరిగాయి.

డయోడ్ల వల్ల లాభంతో పాటు ఒక పెళుసుదనం కూడా వచ్చింది. దాని సంగతి తర్వాత చెప్తాను, డబ్బులు బూడిదయ్యేది అక్కడే.

ఆంప్స్ తోసుకొస్తాయా?

పెద్ద ఆల్టర్నేటర్ వేయిస్తానంటే ఇంట్లో వాళ్ల దగ్గర్నుంచి పక్కింటాయన దాకా ఒకటే భయం: "అన్ని ఆంప్స్ వస్తే వైరింగ్ కాలిపోదూ? బ్యాటరీ ఉడికిపోదూ?" ఈ ప్రశ్నకు జవాబు మా జిల్లాలో రొయ్యల చెరువు ఉన్న ఏ రైతునడిగినా చెప్తాడు. చెరువులో పది ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఉన్నాయి, ఒక్కోటి 2 హెచ్‌పీ. కరెంటు పోతే 25 కేవీఏ జనరేటరు వేస్తే సరిపోతుంది. దాని బదులు పక్క చెరువాయన దగ్గర్నుంచి 62 కేవీఏది తెచ్చి తగిలించినా ఆ పది ఏరేటర్లు తమకు కావలసినంతే లాగుతాయి. జనరేటరు పెద్దదైందని వాటి నోట్లో కుక్కదు. అదే, చిన్న జనరేటరు మీద ఇరవై ఏరేటర్లు వేస్తే ఓల్టేజీ పడిపోతుంది, మోటార్లు మూలుగుతాయి.

కారులోనూ అంతే. ఓల్టేజీని రెగ్యులేటరు, మన మెకానిక్కుల భాషలో కటౌట్, 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య పట్టి ఉంచుతుంది. ఎన్ని ఆంప్స్ పోవాలో నిర్ణయించేది లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీ ఆకలి. ఒక్క మెలిక ఉంది. బాగా దిగిపోయిన బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది. జంపర్ కేబుళ్లతో స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాల్లో పెద్ద ఆల్టర్నేటర్ నుంచి అది 40, 50 ఆంప్స్ కూడా గుంజుకోగలదు. అప్పుడు 22 ఆంప్స్ కోసం వేసిన పాత వైరు వేడెక్కుతుంది. పక్కింటాయన భయం పూర్తిగా తప్పేమీ కాదన్నమాట. కాకపోతే ఆయన ఆల్టర్నేటర్‌ని అనుమానిస్తున్నాడు, చూడవలసింది వైరుని.

మనకు ఎంత కావాలి?

ఇది కాగితం మీద వేసుకునే లెక్క. పెద్ద చదువేం అక్కర్లేదు. వాట్లను 13.5తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. ఆ నవంబరు రాత్రి నా బండి లెక్క ఇది. రెండు హెడ్‌లైట్లు, ఒక్కోటి 55 వాట్లు, కలిపి 8 ఆంప్స్. వెనక లైట్లు, పార్కింగ్, నంబరు ప్లేటు, మీటరు బల్బులు కలిపి రెండున్నర. ఇగ్నిషన్ కాయిల్ 4. వైపరు మోటారు 4. ఏసీ బ్లోయర్ పెద్ద స్పీడులో 9, కండెన్సర్ ఫ్యాన్ ఇంకో 9, కంప్రెసర్ క్లచ్ మూడున్నర. పాటల డబ్బా 3. ఫోన్లకు 2. కూడితే 45.

డైనమో ఉన్నప్పటి అంబాసిడర్‌లో ఇందులో ఉన్నది కాయిలు, లైట్లు, వైపరు. పద్దెనిమిదిన్నర. అదీ వానాకాలం రాత్రి మాత్రమే. 22 ఆంప్స్ డైనమో ఆ బండికి తక్కువైంది కాదు, ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. లెక్క మార్చింది మనం. ఏసీ ఒక్కటే ఇరవైకి పైగా తింటోంది. నాన్న పెట్టించిన 35 ఆంప్స్‌ది రోడ్డు మీద పూర్తిగా ఇచ్చినా పది తక్కువ. ఆ పదీ బ్యాటరీ ఇస్తుంది, గంటల తరబడి ఇవ్వలేదు.

కొందరు ఇక్కడే పెద్ద బ్యాటరీ వేస్తారు. బిందె పెద్దదైనంత మాత్రాన బావిలో నీళ్లు ఊరవు. 60 ఏహెచ్ బదులు 80 ఏహెచ్ పెడితే దిగిపోయే టైము కాస్త వెనక్కి జరుగుతుంది, మళ్లీ నిండడానికి అంతకంటే ఎక్కువ టైము పడుతుంది.

ఖర్చు తగ్గించుకునే దారి కూడా చూడాలి. వెనక లైట్లు, మీటరు బల్బులు ఎల్‌ఈడీలు చేస్తే రెండు ఆంప్స్ మిగులుతాయి. హెడ్‌లైట్లకు సంత ఎల్‌ఈడీలు వేయడం మాత్రం నాకు నచ్చదు. హాలోజన్ బల్బు కోసం చేసిన గిన్నెలో వేరే ఆకారం దీపం పెడితే వెలుగు చెల్లాచెదరై ఎదురొచ్చే వాళ్ల కళ్లలో పడుతుంది. సింగిల్ రోడ్ల మీద బైకుల వాళ్లు పడే బాధ చూస్తూనే ఉన్నాం.

45 కావాలి, 65 ఉంది, 20 మిగులు. కాగితం మీద నా బండి బ్రహ్మాండంగా ఉంది.

ఆ 65 ఎప్పటి 65?

ఆల్టర్నేటర్ ఒంటి మీద రాసే అంకె అది నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పటిది. అదీ 25 డిగ్రీల చుట్టుపక్కల గాలిలో. ఇంజిన్ చుట్లు కాదు, ఆల్టర్నేటర్ చుట్లు. కొన్నిటి మీద రెండు అంకెలు ఉంటాయి, ఉదాహరణకు 45-80 అని. అందులో చిన్న అంకె 1800 చుట్ల దగ్గర ఇచ్చేది. పాత కారుకు కొనేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఆ చిన్న అంకె.

ఎందుకంటే ఐడ్లింగ్‌లో ఇంజిన్ 800 చుట్లు తిరుగుతుంది. ఆల్టర్నేటర్ ఎంత తిరుగుతుందన్నది రెండు పుల్లీల సైజు బట్టి ఉంటుంది. నా ఇంజిన్ పుల్లీ 125 మిల్లీమీటర్లు. పాత ఆల్టర్నేటర్ పుల్లీ 60. భాగిస్తే రెండుకు పైచిలుకు, అంటే ఐడ్లింగ్‌లో అది 1,660 చుట్లు తిరిగేది. కొత్తది ఏ వ్యాన్ కోసమో చేసింది కాబోలు, దాని పుల్లీ 75. అంటే 1,330 చుట్లు. ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టేదే వెయ్యి పైన. ఆ దిగువన మూడు వందల చుట్లు తగ్గితే సగానికి సగం పడిపోతుంది. టోల్‌గేటు దగ్గర నా 65 ఆంప్స్ వస్తువు బహుశా పాత 35 దానికంటే తక్కువే ఇస్తోంది.

షాపులో దీన్ని ఎవరూ చూడలేదు. పుల్లీ గాడిలో బెల్టు సరిగ్గా కూర్చుంది, తిరిగింది, చార్జింగ్ ఎర్రలైటు ఆరింది, బిల్లు ఇచ్చారు. పాత 60 పుల్లీ కొత్తదాని షాఫ్టుకు సరిపోయింది కాబట్టి తర్వాత మార్చడానికి అరగంట పట్టింది. చిన్న పుల్లీ వేస్తే పైన హద్దు దాటుతుందేమోనని చూసుకోవాలి. ఇంజిన్ 5000 చుట్లకు ఎక్కితే ఆల్టర్నేటర్ పదివేల నాలుగు వందలు. ఇప్పటి ఆల్టర్నేటర్లు చాలావరకు 15,000 తట్టుకుంటాయి. అంబాసిడర్‌కి ఆ ఇబ్బంది లేదు. మారుతి 800 లాంటి వేగంగా తిరిగే ఇంజిన్ల వాళ్లు మాత్రం లెక్క వేసుకోవాలి.

ఇక ఎండ. రాగి వేడెక్కే కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ప్రతి పది డిగ్రీలకు దాదాపు 4 శాతం. రోహిణి కార్తెలో నెల్లూరు సంగతి చెప్పక్కర్లేదు. బయట 43 ఉంటే బానెట్ కింద 80, 90 ఉంటుంది. అంకె వేసిన చల్లటి గదికీ దీనికీ పొత్తు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం పదో వంతుకు పైగా తగ్గినట్టే లెక్క వేసుకోవాలి. అందుకే అవసరానికి కనీసం నాలుగో వంతు ఎక్కువ ఉన్నది కొనమంటారు. అంతకంటే మరీ పెద్దది, 100, 120 ఆంప్స్‌ది, సింగిల్ ఫ్యాన్ బెల్టు బండికి దండగ. కారణం బెల్టు దగ్గర చెప్తాను.

అసలు దొంగ

పుల్లీ మార్చాక ఐడ్లింగ్ బాగుపడింది. అయినా హెడ్‌లైట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆత్మకూరు బస్టాండ్ వైపు పాతకాలపు ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి ఆల్టర్నేటర్ వంక కూడా చూడలేదు. "అన్నీ వేయండి సామీ" అన్నాడు. లైట్లు, ఏసీ, వైపరు వేశాను. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి ఒక ముల్లు ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టుకు, రెండోది బ్యాటరీ ప్లస్‌కు ఆనించాడు. మీటరు 1.1 చూపించింది. తర్వాత ఒక ముల్లు ఇంజిన్ దిమ్మకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు. 0.4.

రెండూ సున్నాకు దగ్గరగా ఉండాలి. వైరు బాగుంటే ఆ రెండు చివరల మధ్య తేడా ఉండకూడదు. మొదటిది 0.3 దాటినా, రెండోది 0.2 దాటినా దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టు. నా బండిలో ఆల్టర్నేటర్ దగ్గర 13.9 ఉంది, బ్యాటరీ దగ్గరికి చేరేది 12.4. ఒకటిన్నర వోల్టు దారిలోనే వేడిగా మారి పోతోంది. బ్యాటరీ నుంచి హెడ్‌లైటు దాకా పాత స్విచ్చు, పాత వైరు ఇంకో ముప్పావు వోల్టు తినేస్తున్నాయి.

ఇక్కడ ఉంది అసలు చిక్కు. రెగ్యులేటరు ఆల్టర్నేటర్ లోపలే ఉంటుంది. ఓల్టేజీని అక్కడే చూసుకుంటుంది. దాని గుమ్మంలో 13.9 ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని కరెంటు పెంచదు. వీధి చివర ఇంటికి నీళ్లు రావట్లేదని ట్యాంకు దగ్గరున్న వాడికి తెలియనట్టు. ఇంకో 65 ఆంప్స్‌ది తెచ్చి దాని పక్కన పెట్టినా ఇదే జరిగేది. కొన్ని ఆల్టర్నేటర్లకు 'ఎస్' అని ఒక సన్నని టెర్మినల్ ఉంటుంది. దాని నుంచి వైరు తీసి నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిపితే రెగ్యులేటరు బ్యాటరీ దగ్గరి ఓల్టేజీని చూస్తుంది. ఉంటే వాడుకోవాలి. చాలామంది దాన్ని అక్కడే ఆల్టర్నేటర్ లావు బోల్టుకు చుట్టేస్తారు, దాంతో దాని ఉపయోగమే పోతుంది.

ఒకటిన్నర వోల్టు పెద్ద లెక్కా అనిపించవచ్చు. ఫిలమెంటు బల్బు వెలుగు ఓల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా ఎక్కువగా తగ్గుతుంది. 13.5 వోల్టుల దగ్గర ఇచ్చే వెలుగులో 12 వోల్టుల దగ్గర మూడో వంతు పోతుంది. నా హెడ్‌లైట్లకు అందుతున్నది 11.6.

ఆయన పాత వైరు విప్పి చేతికిచ్చాడు. 4 స్క్వేర్ ఎంఎం వైరు, రెండున్నర మీటర్లు. అది డైనమో కాలం నాటి కంట్రోల్ బాక్సు (అప్పటి కటౌట్ ఉండే డబ్బా) దాకా పోయి, అక్కడి స్క్రూల మీదుగా మళ్లీ బ్యాటరీ వైపు వస్తోంది. తొడుగు కోసి చూస్తే రాగి పచ్చగా కిలుం పట్టి ఉంది, చింతపండు వేసి తోమని పూజ చెంబులాగా. లగ్గులో, అంటే వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్కలో, నాలుగు పోగులు తెగిపోయాయి. మా వైపు గాలిలో ఉప్పు ఉంటుంది. మైపాడు, కోడూరు వైపు చెరువుల మీద రోజూ తిరిగే బళ్లకైతే పదేళ్ల వైరు చాలు ఈ స్థితికి.

లెక్క చూడండి. 4 స్క్వేర్ రాగి వైరు రెండున్నర మీటర్లలో 40 ఆంప్స్ పోతే, వైరు కొత్తదైనా సరే, దాదాపు 0.44 వోల్టు పోతుంది. మిగతా 0.66 కిలుం, వదులు స్క్రూలు తిన్నాయి. అదే దారిలో 16 స్క్వేర్ వైరు వేస్తే పోయేది 0.11. కాబట్టి వేసింది 16 స్క్వేర్, ఆల్టర్నేటర్ నుంచి నేరుగా, బ్యాటరీకి దగ్గరగా 80 ఆంప్స్ ఫ్యూజు పెట్టి. ఫ్యూజు ఎందుకంటే, ఆ వైరు ఎప్పుడైనా ఇంజిన్‌కు రాసుకుని తొడుగు చిరిగితే బ్యాటరీ తన బలమంతా అక్కడే చూపిస్తుంది. పాత కార్లలో ఈ ఫ్యూజు ఉండేది కాదు. ఉండాలి.

ఎర్త్ సంగతి ఇంకా చులకనగా చూస్తారు. ఆల్టర్నేటర్ నుంచి ఎంత కరెంటు బయలుదేరిందో అంతా తిరిగి రావాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది, దారి అదే. నా బండిలో దాని బోల్టు కింద మూడు పొరల పెయింటు ఉంది. బండికి రంగు వేయించినప్పుడల్లా ఒక పొర. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ వేసి, పైన వేజలీన్ రాశాడు. 0.4 కాస్తా 0.05 అయింది. ఈ పనికి ఆయన డబ్బులు తీసుకోలేదు. పట్టీ ఖరీదు మాత్రం తీసుకున్నాడు.

హెడ్‌లైట్లకు రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) వేసి బ్యాటరీ నుంచి నేరుగా వైరు ఇచ్చాక బల్బు దగ్గర 13.3. బండి మొదటిసారి తెల్లగా చూసింది.

ఇదంతా అయ్యాక ఆయన ఒక మాట అన్నాడు: "ముందే వచ్చుంటే ఇది కొనక్కర్లేదేమో సామీ." సగం నిజం. ఏసీ ఉన్నంతవరకు 35 చాలదు. కానీ ఏసీ లేని బండి ఉన్నవాళ్లు, లైట్లు మసకగా ఉన్నాయని ఆల్టర్నేటర్ కొనబోయే వాళ్లు, ముందు ఈ రెండు కొలతలు తీయించుకోండి. తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

బెల్టు మోసే బరువు

కరెంటు ఊరికే రాదు. ఆల్టర్నేటర్ తనకిచ్చిన శక్తిలో సగానికి కాస్త పైన మాత్రమే కరెంటుగా మారుస్తుంది, మిగతాది వేడి. 65 ఆంప్స్ పూర్తిగా ఇస్తున్నప్పుడు ఇంజిన్ దగ్గర రెండు హెచ్‌పీకి పైగా తీసుకుంటుంది. అంటే చెరువులో నురగలు కక్కుతూ తిరిగే ఆ ఏరేటర్ మోటారంత బరువు, ఆ వేలెడు వెడల్పు బెల్టు మీద. పైగా అంబాసిడర్‌లో నీళ్ల పంపునీ ఫ్యాన్నీ తిప్పేది ఆ బెల్టే. అది తెగితే చార్జింగే కాదు, ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ కూడా పోతుంది. ఒక్క వి-బెల్టు 60, 70 ఆంప్స్ దాకా మోస్తుంది. వంద ఆంప్స్‌ది పెడితే బరువు పడినప్పుడల్లా జారుతుంది. కీచుమని అరుస్తూ అరుగుతుంది.

అరుపు ఆపడానికి బెల్టును వీణ తీగలా బిగించేస్తారు. అప్పుడు నీళ్ల పంపు బేరింగు పోతుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే పది పన్నెండు మిల్లీమీటర్లు కిందికి దిగాలి. ఇంకో సంగతి, మూడు పుల్లీలూ ఒకే వరసలో ఉండాలి. వేరే బండి ఆల్టర్నేటర్ బిగించేటప్పుడు బ్రాకెట్ దగ్గర వాషర్లు వేసి సర్దుతారు. పొడవాటి స్కేలు ఇంజిన్ పుల్లీ ముఖానికి ఆనించి చూస్తే వంకర ఇట్టే తెలుస్తుంది.

డైనమో తీసి పెట్టేవాళ్లకు

మీ బండికి ఇంకా డైనమోనే ఉంటే మొదట చూడవలసింది బ్యాటరీ ఏ వైపు బాడీకి కలిసి ఉందో. అరవైల దాకా బ్రిటిష్ డిజైన్ కార్లలో చాలావాటికి ప్లస్ ఎర్త్ ఉండేది. డైనమోకి అది ఫర్వాలేదు. ఇప్పటి ఆల్టర్నేటర్‌కి మైనస్ ఎర్త్ కావాలి. తిరగేసి కలిపారా, డయోడ్లు కన్ను మూసి తెరిచేలోగా పోతాయి.

కంట్రోల్ బాక్సు పని అయిపోయింది. దాన్ని అలంకారానికి ఉంచుకోవచ్చు గానీ కరెంటు దాని గుండా పోకూడదు. డైనమో సన్నని ఎఫ్ వైరు అక్కర్లేదు, చివర టేపు చుట్టేయాలి. మీటరు బోర్డులోని ఎర్రలైటు వైరును మాత్రం జాగ్రత్తగా వెతికి ఆల్టర్నేటర్ 'ఎల్' టెర్మినల్‌కు ఇవ్వాలి. ఆ చిన్న బల్బు హెచ్చరిక కోసమే అనుకుంటాం. స్టార్ట్ చేసినప్పుడు ఆల్టర్నేటర్‌ని మేలుకొలిపేది దాని గుండా వచ్చే కాస్త కరెంటే. బల్బు మాడిపోతే చాలా ఆల్టర్నేటర్లు గట్టిగా ఎక్సలేటర్ తొక్కేదాకా చార్జింగ్ మొదలుపెట్టవు. అది తెలియక కొత్త ఆల్టర్నేటర్ వాపసు ఇచ్చినవాళ్లను చూశాను. అక్కడ 2.2 వాట్ల మామూలు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ పెడితే అంత కరెంటు పోదు.

పాత జీపుల్లో ఆమ్‌మీటరు ఉంటుంది, చార్జింగ్ కరెంటంతా దాని గుండా డ్యాష్‌బోర్డు దాకా వచ్చి పోతుంది. 30 దాకా గీతలున్న మీటరులో 60 పంపితే డ్యాష్‌బోర్డు వెనక పొగ వస్తుంది. దాన్ని తప్పించి ఓల్టుమీటరు పెట్టుకోవడం మేలు.

డీజిల్ బళ్ల వాళ్లకు ఒక హెచ్చరిక, ఇది ప్రాణాల మీదికి వచ్చేది. చాలా డీజిల్ బళ్లలో ఆల్టర్నేటర్ వెనకాలే వాక్యూమ్ పంపు బిగించి ఉంటుంది. బ్రేకు బూస్టరుకు బలం దాని నుంచే. పంపు లేని ఆల్టర్నేటర్ పెడితే చార్జింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది, బ్రేకు మాత్రం రాయిలా గట్టిపడుతుంది.

స్క్రాపులో కొనేవాళ్లు మరీ కొత్త కార్లవి తీసుకోకండి. వాటిలో కొన్ని ఎంత కరెంటు ఇవ్వాలో ఆ కారు కంప్యూటరు చెబితేనే ఇస్తాయి. మీ అంబాసిడర్ వాటితో మాట్లాడలేదు.

ఆ పెళుసుదనం

డైనమో కాలంలో ఒక పరీక్ష ఉండేది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేస్తారు. ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు. ఇప్పటికీ చేస్తారు, నా కళ్ల ముందే చేశారు. ఆల్టర్నేటర్ బండిలో ఇది చేయనివ్వకండి. చార్జింగ్ తీసుకుంటున్న బ్యాటరీని ఉన్నట్టుండి తప్పిస్తే ఆల్టర్నేటర్ తనను తాను తగ్గించుకునేలోపు ఓల్టేజీ పదుల్లోకి, ఒక్కోసారి వంద దాకా ఎగురుతుంది. డయోడ్లు, రెగ్యులేటరు, పాటల డబ్బా, ఏది ముందు పోతుందో చెప్పలేం. బాడీకి వెల్డింగు చేయించేటప్పుడు మాత్రం బ్యాటరీ వైర్లు, ఆల్టర్నేటర్ వైరు విప్పించాలి.

డయోడ్ ఒకటి పోయినా బండి తిరుగుతూనే ఉంటుంది, అదే తంటా. చార్జింగ్ సగానికి తగ్గుతుంది. పొద్దున్నే బ్యాటరీ డౌన్ అవుతుంది, ఎందుకంటే రాత్రంతా ఆ డయోడ్ గుండా కరెంటు వెనక్కి కారిపోతుంది. మల్టీమీటరును ఏసీ ఓల్టులలో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడ్లను అనుమానించాలి.

మీటర్ల సంగతి వచ్చింది కాబట్టి, ఇంటి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ దగ్గరి క్లాంపు మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) తెచ్చి కారు వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తుంది. అది ఏసీ కరెంటుకు చేసింది. డీసీ క్లాంపు వేరే. సున్నా చూసి కొత్త ఆల్టర్నేటర్‌ని తిట్టుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను.

బిగించిన మొదటి వారం మూడు పనులు చేశాను. రెండొందల కిలోమీటర్లయ్యాక కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి మళ్లీ బిగించాను. అన్నీ వేసి పావుగంట నడిపాక ఇంజిన్ ఆపి, లగ్గులు ఒక్కొక్కటే చేత్తో తాకి చూశాను. మిగతావాటికంటే ఒకటి వేడిగా ఉంటే అక్కడ పట్టు వదులు. ఫ్యూజు దగ్గరిది వేడిగా తగిలింది, నట్టు పావు చుట్టు తిరిగింది. మూడోది, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపి బ్యాటరీ దగ్గర ఓల్టేజీ చూశాను, 13.8. మా ఎండలకు 14.5 దాటితే నీళ్లు మరిగిపోయి పదిహేను రోజులకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తుంది.

సంక్రాంతికి మళ్లీ ఒంగోలు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో అదే టోల్‌గేటు, అదే లారీల క్యూ. ఈసారి వాన లేదు. అయినా చూద్దామని వైపరు కూడా వేశాను. పొడి అద్దం మీద అది కిర్రుమంటుంటే మా ఆవిడ నా వంక చూసింది.